మూతపడిన మిల్లు నేలలో ఏముందో ప్రభుత్వ ఖర్చుతో పరీక్ష చేయించడం ఎలా

విజయనగరంలో మా పెదనాన్న జ్యూట్ మిల్లులో బ్యాచింగ్ సెక్షన్‌లో పనిచేసేవారు. నార మెత్తబడడానికి నూనె, నీళ్లు కలిపి చల్లే చోటు అది. షిఫ్ట్ దిగి ఇంటికొస్తే ఆ నూనె వాసన ఆయన కంటే ముందు గుమ్మంలోకి వచ్చేది. ఆ మిల్లు మూతపడింది. షెడ్లు పడగొట్టారు. చాలా ఏళ్ల తర్వాత ఆ గోడ పక్కనే మేము కొనుక్కున్న జాగాలో బోరు వేస్తే, మొదటి బకెట్ నీళ్లలోనే అదే వాసన. పైన రంగులు తేలే తెట్టు. ఒక ఆఫీసుకు వెళ్లి చెబితే, "టెస్ట్ మీరే చేయించుకుని రిపోర్ట్ పట్టుకురండి, అప్పుడు చూద్దాం" అన్నారు. ల్యాబ్‌వాళ్లు చెప్పిన ఖర్చు విని ఇంట్లో అందరం మౌనంగా కూర్చున్నాం. అలా మూడేళ్లు గడిచిపోయాయి.

ఆ మూడేళ్లలో మేం చేసిన తప్పు ఒకటే. "ఈ నేలను బాగుచేయండి" అని అడిగాం. బాగుచేయడం కోట్లతో పని, ఏ అధికారీ ఒక అర్జీ చూసి దానికి సంతకం పెట్టరు. అడగాల్సింది "ఈ నేలలో ఏముందో ముందు తేల్చండి" అని. తేల్చే పని చిన్నది. దానికి ఇప్పుడు చట్టంలో చోటుంది, గడువుంది, డబ్బుకు దారులూ ఉన్నాయి. విజయనగరం, నెల్లిమర్ల, రాజాం, బొబ్బిలి వైపు జ్యూట్ మిల్లులు, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్, ఆమదాలవలస, భీమసింగిల్లో చక్కెర ఫ్యాక్టరీలు చూసిన జిల్లాలు మనవి. వీటిలో ఫలానా చోట నేల పాడైందని నేను అనడం లేదు. పరీక్ష చేయకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. పరీక్ష చేయకుండా "ఏమీ లేదు" అని కూడా ఎవరూ అనకూడదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నిబంధన తెలుసుకోండి

2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. ఇవి 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చాయి. అర్జీలో మీరు ప్రస్తావించాల్సింది ఈ నిబంధనలనే. వాటి నడక ఇలా ఉంటుంది. ఏదైనా స్థలం మీద అనుమానం ఉంటే జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదికలో దాన్ని 'అనుమానిత కలుషిత స్థలం'గా చూపాలి. ఆ పేరు అందాక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గానీ, దీనికోసం గుర్తించిన నిపుణుల సంస్థ గానీ 90 రోజుల్లో ప్రాథమిక అంచనా ఇవ్వాలి. అందులో హానికర రసాయనాలు ఉన్నట్టు తేలితే, ఇంకో మూడు నెలల్లో వివరమైన సర్వే చేసి అది నిజంగా కలుషిత స్థలమో కాదో ఖాయం చేయాలి. ఖాయమైతే ఆ సంగతి ప్రజలకు తెలపాలి, స్థలంలోకి రాకపోకలు ఆపాలి. పాడుచేసినవారు ఎవరో మండలి 90 రోజుల్లో గుర్తించాలి. శుద్ధి ఖర్చు వారిదే. వారు దొరకకపోయినా, కట్టుకోలేకపోయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చూసుకోవాలి.

అంటే మీ మొదటి లక్ష్యం డబ్బు మంజూరు చేయించుకోవడం కూడా కాదు. మీ స్థలం పేరు ఆ ఆరు నెలల జాబితాలోకి ఎక్కించడం. పేరు ఎక్కాక అంచనా వేసే బాధ్యత మీ నెత్తిమీద నుంచి దిగి మండలి మీద పడుతుంది. ఈ నిబంధనలు వచ్చే నాటికి దేశం మొత్తం మీద ఇలాంటి స్థలాలు 103 గుర్తించి, శుద్ధి ఏడు చోట్ల మాత్రమే మొదలుపెట్టగలిగారు. జాబితాకెక్కినవాటి పరిస్థితే ఇది. ఎక్కనివాటి గురించి ఎవరూ ఆలోచించరు.

మీ స్థలం వేరే దారిదేమో చూసుకోండి. గని తవ్వకాల వల్ల వచ్చిన కాలుష్యం, రేడియోధార్మిక వ్యర్థాలు, సముద్రంలో చమురు, మున్సిపాలిటీ చెత్త డంపింగ్ యార్డు ఈ నిబంధనల కిందకు రావు. డంపింగ్ యార్డు అయితే స్వచ్ఛ భారత్ మిషన్ అర్బన్ 2.0 కింద పాత చెత్త తొలగింపుకు నిధులుంటాయి, అటు వెళ్లండి. చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. మాంగనీస్ గని పక్కన పోసిన మట్టిగుట్ట వేరు, ఫ్యాక్టరీ కొలిమి నుంచి తెచ్చి పోసిన చిట్టెం వేరు. అర్జీలో "మైనింగ్ వేస్ట్" అని ఒక్క మాట రాసినా ఫైలు పక్కకు పోతుంది.

స్థలం చరిత్ర రాయండి, ఇదే అసలు పని

అమెరికాలో పాత పారిశ్రామిక స్థలాలను బ్రౌన్‌ఫీల్డ్ అంటారు. అక్కడి పర్యావరణ సంస్థ 1995 నుంచి, శుద్ధికి ఇచ్చే డబ్బుతో కలపకుండా, కేవలం పరిశీలనకే ఊళ్లకు గ్రాంట్లు ఇస్తోంది. ఆ పరిశీలన మొదటి దశలో ఒక్క గరిటె మట్టి కూడా తీయరు. కాగితాలు చూస్తారు, స్థలంలో నడుస్తారు, మనుషులతో మాట్లాడతారు. మండలి చేసే ప్రాథమిక అంచనాకూ పునాది ఇదే. ఈ భాగం మీరు ముందే చేసిపెడితే అధికారి పని సగం తగ్గుతుంది. పని తగ్గిన ఫైలే కదులుతుంది.

మనుషులతో మొదలుపెట్టండి. మిల్లులో పనిచేసినవారిలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆలస్యం చేస్తే పోయేది వారి జ్ఞాపకమే, మిగతావన్నీ ఏదో ఒక ఆఫీసులో ఉంటాయి. బాయిలర్ ఫైర్‌మన్, ఎలక్ట్రీషియన్, స్టోర్ గుమస్తా, రాత్రి వాచ్‌మన్, ఈ నలుగురు దొరికితే చాలు. యూనియన్ లీడర్ల కంటే వీళ్లకే నేల గురించి ఎక్కువ తెలుసు. "కాలుష్యం ఉండేదా?" అని అడిగితే "ఏమీ ఉండేది కాదు బాబూ" అంటారు. వాళ్లకది రోజూ చేసే పని, కాలుష్యం అనుకోలేదు. అందుకని పని గురించి అడగండి. బాబాయ్, బాయిలర్ బూడిద ఎక్కడ పోసేవారు? బ్యాచింగ్ నూనె డ్రమ్ములు ఖాళీ అయ్యాక ఎక్కడ కడిగేవారు? ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ మార్చినప్పుడు పాతది ఏం చేసేవారు? డీజిల్ ట్యాంకు నేల మీదా, నేల లోపలా? కాలువ ఎటు పారేది? వానాకాలంలో ఆ నీళ్లు ఏ చెరువులో కలిసేవి? ఆవులు ఆ నీళ్లు తాగేవా? జవాబులు ఫోన్‌లో రికార్డ్ చేయండి, అనుమతి అడిగి. వీలైతే ఆయన్ను స్థలం దగ్గరికి తీసుకెళ్లి "ఇదిగో ఇక్కడ" అని చెయ్యి చూపిస్తుంటే ఫోటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఆ చోటు కొలతలు ఫోటోలోనే ఉంటాయి.

మాకు దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమాను పండగ బాగా కలిసొచ్చింది. సూరత్, హైదరాబాద్ వలస వెళ్లిన పాత కార్మికుల పిల్లలందరూ ఊళ్లో ఉంటారు. ఇంట్లో పెట్టెల్లోంచి పాత గ్రూప్ ఫోటోలు, పీఎఫ్ కార్డులు, ఈఎస్ఐ కార్డులు వాళ్లే వెతికి తీశారు. ఒక ఫోటోలో మనుషుల వెనక ట్యాంకు కనబడింది. ఆ ట్యాంకు ఎక్కడుండేదో అప్పటిదాకా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

తర్వాత కాగితాలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీస్తే స్థలం ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో తెలుస్తుంది. సర్వే నంబరు, పొలం కొలతలు చూపే ఎఫ్ఎంబీ నక్షా తహసీల్దార్ ఆఫీసులో, పట్టణం లోపలైతే టౌన్ సర్వే రిజిస్టర్‌లో ఉంటాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరిపి చూడొచ్చు. షెడ్లు ఎప్పుడు పోయాయో, గుంటలు ఎప్పుడు పూడ్చారో అందులో కనిపిస్తుంది. మిగతావి సమాచార హక్కు కింద అడగండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఎక్కడ ఏమడగాలో చెబుతాను. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రాలు, అంటే అందరూ సీఎఫ్ఓ అనేవి, తనిఖీ నివేదికలు, ప్రమాదకర వ్యర్థాలకు ఇచ్చిన అనుమతి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో లేఅవుట్ ప్లాన్, లైసెన్స్ రద్దైన తేదీ. భూగర్భ జల శాఖలో చుట్టుపక్కల పరిశీలన బావుల నీటిమట్టం, నీటి నాణ్యత వివరాలు. ప్రశ్న ఒక్కొక్కటి విడిగా, చిన్నగా రాయండి. "పూర్తి సమాచారం ఇవ్వగలరు" అని రాస్తే పూర్తిగా ఏమీ రాదు.

ఇదంతా కలిపి నాలుగు పేజీలకు మించకుండా రాయండి. ఒక పేజీ చేత్తో గీసిన నక్షా. బాయిలర్, నూనె గది, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, కాలువ, పక్కనున్న ఇళ్లు, బోర్లు, స్కూలు, అంగన్‌వాడీ అందులో పెట్టండి. అంగన్‌వాడీ ఉంటే దాన్ని ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టండి. సీసం లాంటి లోహాలు పెద్దవాళ్ల కంటే పసిపిల్లల మెదడుకే ఎక్కువ చేటు చేస్తాయి. పిల్లలు మట్టిలో ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు.

అర్జీ

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ రసీదు నంబరు వస్తుంది, ఆ నంబరే మీ ఆధారం. ఒక కాపీ మున్సిపల్ కమిషనర్‌కు, ఒకటి మండలి ప్రాంతీయ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపండి. అర్జీ ఒక పేజీ దాటకూడదు. నమూనా ఇది:

"గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, ఫలానా వార్డు, ఫలానా సర్వే నంబరులోని పూర్వపు మిల్లు స్థలం గురించి. ఈ స్థలంలో సుమారు ఇన్నేళ్లు ఫలానా పరిశ్రమ నడిచింది, ఫలానా సంవత్సరంలో మూతపడింది. బాయిలర్ బూడిద, యంత్రాల నూనె, ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఇక్కడి నేలలో పడినట్టు అక్కడ పనిచేసిన నలుగురు చెప్పారు. వారి వాంగ్మూలాలు, ఫోటోలు, నక్షా జతచేశాం. స్థలానికి ఇన్ని మీటర్ల దూరంలో ఇన్ని ఇళ్లు, ఇన్ని తాగునీటి బోర్లు ఉన్నాయి. కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు 2025 ప్రకారం ఈ స్థలాన్ని అనుమానిత కలుషిత స్థలంగా తదుపరి నివేదికలో చేర్చి, ప్రాథమిక అంచనా కోసం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలసిందిగా కోరుతున్నాం. అంచనా పూర్తయ్యేవరకు ఇక్కడ తవ్వకాలకు, లేఅవుట్‌కు అనుమతి ఇవ్వవద్దని కూడా మనవి."

పరిహారం మాట, నిందల మాట ఇందులో రాయకండి. పాత యజమాని పేరు కూడా కాగితాల్లో ఉన్నంతవరకే రాయండి. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించండి. నాలుగు వందల సంతకాలు అక్కర్లేదు, బోరు ఉన్న ఇంటివాళ్ల సంతకాలు ఇరవై ఉన్నా బరువుంటుంది. వార్డు సచివాలయంలోనూ ఒక కాపీ ఇచ్చి, రోజూ ఆ వీధుల్లో తిరిగే సిబ్బందికి స్థలం చూపించండి. మా విషయంలో కమిషనర్ గారు ముందు ఫోన్ చేసి అడిగింది అక్కడికే.

డబ్బు ఎక్కడెక్కడ ఉంటుంది

మండలి తన ఖర్చుతో చేస్తే సరే. జాబితాలో పేరు చేరడానికి నెలలు పట్టొచ్చు, ఆలోగా స్థలం అమ్ముడుపోవచ్చు. కాబట్టి పక్కన ఇంకో దారి కూడా తెరిచి ఉంచాలి.

నా అనుభవంలో అన్నిటికంటే అందుబాటులో ఉన్నది నగరపాలక సంస్థ డబ్బే. విజయనగరానికీ శ్రీకాకుళానికీ రెండింటికీ కార్పొరేషన్లున్నాయి. ఆర్థిక సంఘం నిధుల్లో ఫలానా పనికే అని కట్టడి లేని భాగం ఒకటి ఉంటుంది. స్థానిక అవసరానికి, జీతాలకు తప్ప, దాన్ని వాడుకోవచ్చు. సాధారణ నిధి సరేసరి. పాలకవర్గం ఉంటే మీ కార్పొరేటర్ ద్వారా కౌన్సిల్ అజెండాలో పెట్టించండి. లేకపోతే ప్రత్యేకాధికారికి ఇవ్వండి. అడిగేటప్పుడు "కాలుష్య అధ్యయనం" అనే పెద్ద మాట వాడితే బెదిరిపోతారు. "ఫలానా వార్డులో తాగునీటి బోర్ల భద్రత కోసం నేల, నీటి నమూనాల పరీక్ష" అనండి. అబద్ధమేమీ కాదు, అది నిజంగా తాగునీటి సంగతే.

స్థలం ప్రభుత్వానిదో, పరిశ్రమలకు భూములిచ్చే రాష్ట్ర సంస్థ ఏపీఐఐసీ చేతిలో ఉన్నదో అయితే ఇంకా తేలిక. కొత్తవారికి కేటాయించే ముందు పరీక్ష చేయించడం ఆ శాఖకే మంచిది, రేపు తవ్వితే డ్రమ్ములు బయటపడ్డాయని గొడవ ఉండదు. వాళ్లకు ఈ మాట ఇలాగే చెప్పండి.

విజయనగరం జిల్లాలో మాంగనీస్ గనులున్నాయి కాబట్టి జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన నిధి ఇది. పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ దాని మొదటి ప్రాధాన్య పనుల్లో ఉన్నాయి. అయితే మీ ఊరు గనుల ప్రభావిత ప్రాంతంగా గుర్తించినదై ఉండాలి. కలెక్టరేటే దీన్ని నడుపుతుంది, కాబట్టి అదే సోమవారం అదే అర్జీకి ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది. ఎంపీ నిధులు అడిగి సమయం పోగొట్టుకోకండి, అవి శాశ్వత కట్టడాల కోసం.

పర్యావరణ పరిరక్షణ నిధి అని ఇంకొకటుంది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో పర్యావరణ పరిరక్షణ చట్టం మారి, 2024 ఏప్రిల్ నుంచి జైలుకు బదులు జరిమానాలు అమలవుతున్నాయి. ఆ జరిమానాలు చేరేది ఆ నిధిలోకే. దీనికి పౌరులు నేరుగా దరఖాస్తు పెట్టరు, ప్రతిపాదన ప్రభుత్వం నుంచి వెళ్లాలి. మీ అర్జీలో ఈ నిధి పేరు ఉంటే, ప్రతిపాదన రాసే ఇంజినీర్‌కు ఏ తలుపు తట్టాలో గుర్తుంటుంది. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు ప్రపంచ బ్యాంకు సాయంతో కడప డంపింగ్ యార్డు, హైదరాబాద్ కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట అధ్యయనానికి తీసుకున్నారు. అంటే ఆంధ్రప్రదేశ్ మండలికి ఈ పని కొత్త కాదు. ఎవరైనా "మన దగ్గర ఇలాంటివి చేయరండీ" అంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు గురించి చాలామంది అడుగుతారు. నేల, నీటి నాణ్యత అందులో ఉన్న అంశమే. కానీ స్థలంతో ఏ సంబంధమైనా ఉన్న కంపెనీ డబ్బుతో పరీక్ష చేయించకండి. రిపోర్ట్ శుభ్రంగా వచ్చినా ఎవరూ నమ్మరు, రాకపోతే అది బయటికి రాదు.

అంచనా కాగితంలో ఏం రాయించాలి

డబ్బు ఇస్తామన్నాక "ఎంతవుతుంది, ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఇక్కడే చాలా మంచి ప్రయత్నాలు చెడిపోవడం చూశాను.

మొదటి పొరపాటు, భూసార పరీక్షతో సరిపెట్టడం. వ్యవసాయ శాఖ సాయిల్ హెల్త్ కార్డులో చూసేవి పన్నెండు అంశాలు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. పంటకు కావలసినవి అవి. సీసం, క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం, నూనె అందులో లేవు. "మట్టి పరీక్ష చేశాం, బాగుంది" అని ఎవరైనా కాగితం చూపిస్తే ఏ పరీక్షో చదవండి.

ఏ పరిశ్రమ నడిచిందో దాన్ని బట్టి పరీక్షలు అడగాలి. జ్యూట్ మిల్లు అయితే ఖనిజ నూనెల మొత్తం, నూనె, బొగ్గు కాలినప్పుడు పుట్టే పీఏహెచ్ రసాయనాలు, బాయిలర్ బూడిదలోని లోహాలు, పాత ట్రాన్స్‌ఫార్మర్లున్న చోట పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్. వీటినీ పీసీబీ అనే అంటారు, మండలినీ పీసీబీ అంటారు, కాగితంలో పూర్తి పేరు రాయండి. ఈ రసాయనాల వాడకాన్ని 2025 డిసెంబర్ 31 నాటికి పూర్తిగా ఆపాలని 2016లోనే ఉత్తర్వు వచ్చింది. కప్పు ఆస్బెస్టాస్ రేకులదైతే మట్టిలో ఆస్బెస్టాస్ కూడా చూడాలి. హుద్‌హుద్, తిత్లీ లాంటి తుపాన్లు చూసిన మన జిల్లాల్లో ఆ రేకులు ముక్కలై నేలలో కలిసే అవకాశం ఎక్కువ. ఫెర్రో అల్లాయ్స్ అయితే మాంగనీస్, క్రోమియం. క్రోమియంలో ఆరో వేలెన్సీది, అంటే క్రోమియం-6 అనే రూపం, విడిగా కొలవాలని రాయించండి. మొత్తం క్రోమియం అంకె ఒక్కటే ఇస్తే, అసలు విషమైన రూపం ఎంతో తెలియదు. తమిళనాడు రాణిపేటలో మూతపడిన క్రోమియం ఫ్యాక్టరీ వదిలిపెట్టిన వ్యర్థం రెండు లక్షల టన్నులకు పైనే. 1990ల నుంచి ఇప్పటిదాకా ఆ ఊరు మోస్తున్న బరువది.

రెండోది, పోల్చి చూసే నమూనా. చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు నేలలో మాంగనీస్ సహజంగానే ఉంటుంది. ఫ్యాక్టరీ స్థలంలో మాంగనీస్ ఎక్కువ వచ్చిందంటే, "అది ఇక్కడి నేల స్వభావం" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అందుకని ఫ్యాక్టరీకి దూరంగా, గాలివాటుకు ఎదురు వైపు, నీటివాలుకు ఎగువన, అదే రకం నేలలో కనీసం మూడు నాలుగు చోట్ల నమూనాలు తీసి పోల్చాలి. ఈ ఒక్క వాక్యం అంచనాలో లేకపోతే రిపోర్ట్ మొత్తం వృథా అవుతుంది.

ఇంకా, ఎన్ని చోట్ల, ఎంత లోతున తీస్తారో రాయించండి. పైమట్టి ఒకటి, కింద పొరల్లోంచి ఒకటి, భూగర్భ జలం వేరే. ల్యాబ్‌కు ఆయా పరీక్షలకు ఎన్ఏబీఎల్, అంటే ల్యాబ్‌లను గుర్తించే జాతీయ బోర్డు, గుర్తింపు ఉండాలి. ల్యాబ్‌కు గుర్తింపు ఉన్నా మీకు కావలసిన పరీక్షకు లేకపోవచ్చు, కాబట్టి గుర్తింపు జాబితా అడిగి చూడండి. మూడు చోట్ల కొటేషన్లు తీసుకోండి. హైదరాబాద్‌లోని నీరి కేంద్రం, ఈపీటీఆర్ఐ లాంటి పర్యావరణ పరిశోధన సంస్థలను, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సలహా అడగొచ్చు. విద్యార్థి ప్రాజెక్టుగా చేయించిన పరీక్ష మీకు తెలుసుకోవడానికి పనికొస్తుంది, కానీ ఆఫీసులో, హరిత ట్రిబ్యునల్‌లో నిలబడదు.

నమూనాలు తీసే రోజు

మీరు అక్కడ ఉండండి. మీరు మాత్రం తవ్వకండి. పాత ట్యాంకులు, సంపుల మూతలు ఎత్తకండి, లోపల గ్యాస్ ఉండి ప్రాణం పోతుంది. యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి.

చూడాల్సినవి ఇవి. పాత కార్మికులు చూపించిన చోట్ల నుంచి తీస్తున్నారా, లేక నీడ ఉన్న చోట తీసి వెళ్లిపోతున్నారా? నూనె పరీక్షకు మట్టి గాజు సీసాలో, మూత బిగించి, ఐస్ పెట్టెలో పెడుతున్నారా? ప్లాస్టిక్ కవర్లో ఎండలో పెట్టిన మట్టిలో నూనె ఆవిరైపోతుంది, ఫలితం తప్పుడుగా శుభ్రంగా వస్తుంది. నాలుగు చోట్ల మట్టి కలిపేసి ఒకే నమూనా చేస్తే కూడా అంతే, ఒక చోటి విషం మిగతా మూడింటిలో పలచబడిపోతుంది. ప్రతి సీసా మీద చోటు, లోతు, తేదీ, సమయం ఉండాలి. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే పత్రం మీద సంతకాలుండాలి. ఆ పత్రం ఫోటో తీసుకోండి. నీటి నమూనాలు వేసవి చివర ఒకసారి, వానలు తగ్గాక నవంబర్‌లో ఒకసారి తీయమనండి. మన వైపు వానకు నీటిమట్టం బాగా పైకొస్తుంది, నేలలో ఉన్నది అప్పుడే నీళ్లలోకి దిగుతుంది.

రిపోర్ట్ వచ్చాక

నేలలో ఏది ఎంతవరకు ఉండొచ్చన్న హద్దులు ఆ నేలను దేనికి వాడతారన్న దాన్ని బట్టి మారతాయి. ఫ్యాక్టరీకి సరిపోయే నేల ఇళ్లకు సరిపోకపోవచ్చు. ఏ వాడకానికి పోల్చారో రిపోర్ట్‌లో వెతకండి. రేపు అక్కడ లేఅవుట్ రాబోతుంటే ఇళ్ల హద్దుతోనే పోల్చాలని రాతపూర్వకంగా అడగండి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం సీసం, ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము, మొత్తం క్రోమియం 0.05 దాటకూడదు. మాంగనీస్ 0.1, వేరే నీటి వనరు లేకపోతే 0.3 వరకు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. దాటితే ఆ రోజే బోరు వాడకం ఆపి, కార్పొరేషన్ నుంచి ట్యాంకర్ అడగండి. మిగతా విచారణ తర్వాత.

ఫైలు కదలకపోతే ముందు ఆర్టీఐతో "మా అర్జీ మీద ఇప్పటివరకు తీసుకున్న చర్య, నోట్ ఫైలు కాపీ" అడగండి. చాలాసార్లు ఈ ఒక్క కాగితంతోనే కదులుతుంది. అప్పటికీ కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందకు వస్తుంది. పరిహారం అడగకుండా వేసే దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు. కానీ గడువు ఉంది. మామూలు దరఖాస్తుకు కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, పరిహారం, పునరుద్ధరణ కోరితే ఐదేళ్లు. కాబట్టి బోరులో తెట్టు చూసిన తేదీ, రిపోర్ట్ వచ్చిన తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. పాడుచేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే, రాజస్థాన్‌లోని బిచ్ఛ్‌రీ గ్రామం బావుల కేసులో, ఖాయం చేసింది. మన లాయర్ గారికి ఆ తీర్పు గుర్తుచేయండి.

ఇంకొక సంగతి, దీనికి ఆగడానికి వీల్లేదు. మూతపడిన మిల్లుల స్థలాలు తరచుగా బ్యాంకు వేలానికో, కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌కో వస్తాయి. వేలం నోటీసులో "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని ఉంటుంది. కొన్నవాడు ఆ నేలలో ఉన్నదాన్ని కూడా కొన్నట్టే, ఆ తర్వాత ప్లాట్లు కొన్న చిన్న ఉద్యోగి కూడా. పేపర్లో అలాంటి నోటీసు కనిపిస్తే ఆ వారమే మీ అర్జీ రసీదు, చరిత్ర పత్రాల కాపీలు ఆ బ్యాంకుకు గానీ, లిక్విడేటర్‌కు గానీ స్పీడ్ పోస్టులో పంపండి. పట్టణాభివృద్ధి సంస్థకు, మున్సిపల్ టౌన్ ప్లానింగ్‌కు ఒక్కో కాపీ. మా పక్క స్థలం విషయంలో మేం ఈ పని చేశాం. వేలం వాయిదా పడింది, పరీక్ష అయ్యాకే మళ్లీ పెట్టారు.